రోజూ వంద క్రంచెస్ కొడుతున్నా పొట్ట గట్టిపడలేదు, నడుము మాత్రం పట్టేసింది. ఎక్కడ తేడా కొట్టింది?

అడిగింది ఇది: వయసు 34, రోజుకి 9 గంటలు కంప్యూటర్ ముందే ఉద్యోగం. రెండు నెలల నుంచి పొద్దున్న లేవగానే 100 క్రంచెస్ (వెల్లకిలా పడుకుని తలా భుజాలూ పైకి లేపడం), తర్వాత 3 నిమిషాల ప్లాంక్ (బోర్లా మోచేతులూ కాలివేళ్ళ మీద ఒంటిని చెక్కలాగా ఆపడం). పొట్ట అంగుళం కూడా తగ్గలేదు, పైగా షూ లేసు కట్టుకోవడానికి వంగితే నడుం దగ్గర పట్టేస్తోంది. కోర్ స్ట్రాంగ్ అవ్వాలంటే ఏం చెయ్యాలి? మా ఆవిడకి డెలివరీ అయి 5 నెలలు, తనూ చెయ్యొచ్చా?

తమ్ముడూ, నాకు 47, వైజాగ్‌లో చిన్న జిమ్ము నడుపుతూ జనాల చేత చెమటలు కక్కించడం మొదలుపెట్టి 20 ఏళ్ళు దాటిపోయింది, అందుకే చనువుగా నువ్వు అంటున్నా, ఏమనుకోకు. నీ ప్రశ్న చదవగానే నవ్వొచ్చింది, ఎందుకంటే సరిగ్గా ఇదే ఘనకార్యం నేనూ చేశా. విజయనగరంలో సెలక్షన్స్ కోసం ప్రిపేర్ అవుతున్న రోజులు, 22 ఏళ్ళు నాకు, ఫ్రెండ్ నా పాదాల మీద కూర్చుంటే రోజుకి 200 సిటప్స్ లాగించేవాణ్ణి, పొట్ట మీద గీతలు కూడా కనపడ్డాయి, చొక్కా గుండీలు విప్పుకుని తిరిగా కొన్నాళ్ళు. ఒకరోజు పొద్దున్నే నూతి దగ్గర సగం బకెట్ నీళ్ళు ఎత్తుదామని వంగా. అంతే, నడుములో ఎవరో మేకు దిగ్గొట్టినట్టయింది. అమ్మా, పక్కింటి బాబాయీ కలిసి మంచం మీదకి చేర్చారు, 11 రోజులు లేవలేదు. 200 సిటప్స్ కొట్టేవాడు సగం బకెట్ ఎత్తలేకపోవడం ఏంటి అని అప్పుడు పుట్టిన డౌటే నన్ను ఈ లైన్లోకి లాక్కొచ్చింది.

కోర్ అనగానే అందరికీ హీరోల సిక్స్ ప్యాక్ గుర్తొస్తుంది కదా, ఆ పలకలు పలకలుగా కనపడేది ఒకే ఒక్క కండరం, రెక్టస్ అబ్డామినిస్ అంటారు, పక్కటెముకల నుంచి పొత్తికడుపు కింద ఎముక దాకా నిలువుగా ఉంటుంది. దానికి రెండు పక్కలా ఏటవాలుగా ఆబ్లిక్స్ రెండు పొరలు, వాటి లోపల నడికట్టు చుట్టినట్టు అడ్డంగా ట్రాన్స్‌వర్సస్, వెనకాల వెన్నుపూసల్ని పట్టుకుని మల్టిఫిడస్ అనే చిన్న చిన్న కండరాలు, పక్కనే నిలువునా పెద్ద వెన్ను కండరాలు, పైన మూతలాగా ఊపిరి ఆడించే డయాఫ్రం, కింద గిన్నె అడుగులాగా పెల్విక్ ఫ్లోర్ అనే కండరాలు. ఇదంతా కలిపితే కోర్. మధ్యలో ఉన్న ఎముకలు చూస్తే నడుం భాగంలో వెన్నుపూసలు 5, అంతే. పెళ్ళి షామియానా రాట చూశావుగా, రాట ఎంత గట్టిదైనా నాలుగు వైపులా తాళ్ళు సమానంగా బిగిస్తేనే నిలబడుతుంది, ముందు తాడు ఒక్కటే బిర్రుగా లాగి వెనకవి, పక్కవి వదిలేస్తే గాలి రాకుండానే ఒరిగిపోద్ది. నువ్వు రెండు నెలల నుంచి ముందు తాడు ఒక్కటే లాగుతున్నావు. నేనూ అదే చేశా.

ఇంకో సంగతి, ఇది జిమ్ముకొచ్చే వాళ్ళలో చాలామందికి ఎవరూ చెప్పరు. చెయ్యి, కాలు కండరాల పని కదిలించడం, కోర్ కండరాల పని ఎక్కువగా కదలకుండా ఆపడం. బస్సు సడన్ బ్రేక్ వేసినప్పుడు, చంకలో పిల్లాడు ఉండగా ఇంకో చేత్తో గ్యాస్ బండ జరిపినప్పుడు, నడుము ఒంకరపోకుండా ఆపేది ఇదే. ఇలాంటి కండరాలకి రోజుకి వందసార్లు ముడుచుకుని విప్పుకునే ట్రైనింగ్ ఇస్తే అవి ముడుచుకోవడమే నేర్చుకుంటాయి.

ఈ విషయం మీద ముప్పై ఏళ్ళ పైన పనిచేసినాయన కెనడాలో వాటర్‌లూ యూనివర్సిటీ ప్రొఫెసర్ స్టువర్ట్ మెక్‌గిల్. ఆయన ల్యాబ్ లెక్క ప్రకారం ఒక మామూలు సిటప్‌కి నడుం మీద పడే ఒత్తిడి సుమారు 3300 న్యూటన్లు, మన లెక్కలో 330 కిలోల పైమాటే. దానికి కారణం పొట్ట కండరం ఒక్కటే కాదు, తొడని పైకి లేపే సోయాస్ అనే కండరం నేరుగా నడుం వెన్నుపూసలకే అతుక్కుని ఉంటుంది, పాదాలు ఎవరైనా నొక్కిపట్టుకుంటే అది ఇంకా గట్టిగా గుంజుతుంది. నా ఫ్రెండ్ పాదాల మీద కూర్చుని నాకు చేసిన సాయం అదన్నమాట. పందుల వెన్నుపూసలు తీసుకుని బరువు పెట్టి వేలసార్లు ముందుకి వంచితే పూసకీ పూసకీ మధ్య మెత్తలాగా ఉండే డిస్క్ లోపలి గుజ్జు మెల్లగా వెనక్కి తోసుకురావడం కూడా ల్యాబ్‌లో చూశారు. అయితే అవి చచ్చిన వెన్నుపూసలు, బతికున్న ఒంటికి రిపేర్ చేసుకునే గుణం ఉంది, కాబట్టి క్రంచ్ కొట్టిన ప్రతివాడి డిస్కూ జారిపోతుందని నేననను, అలా భయపెట్టే వీడియోలు చూసి నువ్వు కూడా కంగారుపడకు. నొప్పి లేనివాడు వారానికి రెండుసార్లు పదీ పదిహేను కొట్టుకుంటే కొంప మునగదు. కానీ రోజంతా కుర్చీలో వంగి కూర్చునేవాడు, ఆల్రెడీ నొప్పి మొదలైనవాడు, అదే వంపుని ఇంకో వందసార్లు ఎందుకు చెయ్యాలి చెప్పు? అమెరికా నేవీ వాళ్ళు 2021లో కర్లప్స్ అనే సిటప్ లాంటి టెస్టు తీసేసి మోచేతుల మీద ప్లాంక్ పెట్టుకున్నారు, ఆర్మీ వాళ్ళు కూడా 1980 నుంచి నడిపిన సిటప్ టెస్టు వదిలేసి 2022కల్లా ప్లాంక్‌కే వచ్చారు.

మరి పొద్దున్న లేవగానే చెయ్యడం ఏంటి బాబూ! రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, అందుకే పొద్దున మనం రాత్రి కంటే సెంటీమీటరు పైనే పొడుగుంటాం, కావాలంటే గోడకి గీత గీసి చూసుకో. ఉబ్బి బిర్రుగా ఉన్న డిస్కుని వంచితే దాని మీద ఒత్తిడి చాలా ఎక్కువ. లేచాక కనీసం గంట సేపు ముందుకి వంగే ఎక్సర్‌సైజు ఏదీ పెట్టుకోకు, ఈ ఒక్క మార్పుతోనే సగం పట్టేయడం తగ్గిపోయినవాళ్ళని చూశా. షూ లేసు కూడా కాలు స్టూలు మీద పెట్టుకుని కట్టుకో కొన్నాళ్ళు. నేను నూతి దగ్గర పడింది కూడా పొద్దున్నే, గుర్తుందిగా.

ఇప్పుడు అసలు పని. ఏ ఎక్సర్‌సైజు ముట్టుకోకముందు పొట్ట బిగించడం నేర్చుకో. 1996లో ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ వాళ్ళు నడుం నొప్పి ఉన్నవాళ్ళలో చెయ్యి కదిపినప్పుడు ట్రాన్స్‌వర్సస్ కండరం కాస్త లేటుగా స్పందిస్తోందని చూపించారు, అక్కణ్ణుంచి బొడ్డు లోపలికి లాగు, వెన్నుకి అంటించు అని చెప్పడం ప్రపంచమంతా పాకింది, ఇప్పటికీ చాలా జిమ్ముల్లో అదే చెప్తారు. నేను చెప్పను. బొడ్డు లోపలికి లాగితే షామియానా తాళ్ళని రాట దగ్గరికి తెచ్చి కట్టినట్టే, తాళ్ళు ఎంత దూరంగా పాతితే అంత పట్టు. నువ్వు ఇది చదువుతూనే ఒక పని చెయ్యి, రెండు చేతుల బొటనవేళ్ళు నడుం పక్కన, పక్కటెముకలకీ తుంటి ఎముకకీ మధ్య మెత్తగా ఉండే చోట గుచ్చినట్టు పెట్టి, ఒక్కసారి దగ్గు. వేళ్ళని బయటికి తోసింది చూడు, అదే. ఆ బిగుతుని దగ్గకుండా తెచ్చుకోవాలి, ఉంచుకోవాలి, ఉంచుకుంటూనే ఊపిరి ఆడాలి. నూటికి నూరు బిగించక్కర్లేదు, నేల మీద చేసే వాటికి పావు వంతు చాలు. ఊపిరి బిగబట్టి ముఖం ఎర్రగా చేసుకోకు, బీపీ ఉన్నవాళ్ళు అస్సలు వద్దు.

పెద్ద బరువు దగ్గరైతే ఊపిరి కూడా ఆయుధమే, అది వేరే లెవెల్. మా వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గారు ఛాతీకి ఇనప గొలుసు చుట్టుకుని ఊపిరి నింపి తెంపేవారని మా తాతలు కథలు కథలుగా చెప్పేవాళ్ళు. మా శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో, అంటే ఒకే ఊపులో తల పైకి 110, క్లీన్ అండ్ జెర్క్‌లో, అంటే భుజాల దగ్గర ఆపి పైకి 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది, ఆ వీడియో దొరికితే బరువు చూడకు, బార్ పట్టుకునే ముందు ఊపిరి తీసుకుని మొండేన్ని దిమ్మెలాగా ఎలా బిగించిందో చూడు. మనకి 130 కిలోలతో పనిలేదులే, సిలిండర్ జరిపితే చాలు.

మెక్‌గిల్ చెప్పిన మూడు ఉన్నాయి, నేను కొత్తగా వచ్చిన ప్రతివాడికీ వాటితోనే మొదలుపెడతా. మొదటిది ఆయన కర్లప్, పేరు చూసి మళ్ళీ క్రంచే కదా అనుకోకు. వెల్లకిలా పడుకో, ఒక మోకాలు మడిచి పాదం నేలకి ఆనించు, రెండో కాలు చాపే ఉంచు, రెండు అరచేతులూ నడుం కింద ఉండే ఖాళీలో పెట్టు, ఆ వంపు చదును కాకూడదు, చేతులు పెట్టేది అందుకే. పొట్ట బిగించి తలా భుజాలూ కలిపి ఒకే చెక్కలాగా ఒక అంగుళం లేపు, అంతే, తల కింద పేపరు జారేంత ఎత్తు చాలు. గడ్డం ఛాతీకి తగిలించకు, మెడ నొప్పొస్తుంది. 10 సెకన్లు ఉండు, దింపు. ఇంత ఈజీయా అంటావు, మూడోసారికి పొట్ట వణుకుతుంది.

రెండోది సైడ్ ప్లాంక్, పక్కకి తిరిగి పడుకుని ఒక మోచెయ్యి మీద ఒంటిని లేపి ఉంచడం. మొదట్లో పాదాల మీద కాదు, మోకాళ్ళు మడిచి మోకాళ్ళ మీదే. మోచెయ్యి సరిగ్గా భుజం కింద ఉండాలి, పై చెయ్యి ఎదుటి భుజం మీద వేసుకో, తుంటిని పైకి లేపడమే కాదు, ముందుకి కూడా తొయ్యి, లేకపోతే పిరుదులు వెనక్కి పోయి కుర్చీలో పక్కకి పడుకున్నట్టుంటావు. కుడి ఎడమల తేడా ఇక్కడే బయటపడుతుంది, బైకు మీద లాప్‌టాప్ బ్యాగు ఎప్పుడూ ఒకే భుజానికి వేసుకుని తిరిగే ఒకడు నా దగ్గరికొస్తే ఒక పక్క 10 సెకన్లు హాయిగా ఉన్నాడు, రెండో పక్క నాలుగు సెకన్లకే పడిపోయాడు, వాడికే నమ్మకం కుదర్లేదు. తేడా ఉంటే బలహీనంగా ఉన్న పక్కతో మొదలుపెట్టు.

మూడోది బర్డ్ డాగ్, నాకు ఇష్టమైంది, జనం ఎక్కువ పాడు చేసేదీ ఇదే. నాలుగు కాళ్ళ మీద, అంటే చేతులూ మోకాళ్ళూ ఆనించి, కుడి చెయ్యి ముందుకి, ఎడమ కాలు వెనక్కి చాపాలి. అందరూ కాలు వీలైనంత పైకి ఎత్తేస్తారు, అప్పుడు నడుము ఉయ్యాల్లాగా కిందకి కుంగిపోతుంది. కాలు పైకి కాదు, మడమతో వెనక గోడని తోస్తున్నట్టు వెనక్కి పోవాలి, పిడికిలి బిగించాలి. నేనైతే స్టీల్ గ్లాసులో ముప్పావు వంతు నీళ్ళు పోసి నడుం మీద, తోక ఎముకకి కాస్త పైన పెడతా. మా జిమ్ములో ఒకాయన, బ్యాంకు ఉద్యోగి, 80 కిలోల బెంచ్ ప్రెస్ కొడతాడు, గ్లాసు పెట్టగానే కాలు తియ్యకముందే, తియ్యాలి అనుకున్నందుకే తుంటి పక్కకి జరిగి నీళ్ళు వీపంతా పోయాయి. వాళ్ళావిడ అదే రోజు పక్కనే చేసింది, చుక్క తొణకలేదు. ఆయన రెండు వారాలు ఇంట్లో గ్లాసుతోనే కుస్తీ పట్టాడు, అప్పుడు తెలిసిందాయనకి బరువు మార్చుకునేది నడుంతో కాదు, బిగుతుతో అని. నువ్వు కూడా గ్లాసు పెట్టు, ప్లాస్టిక్‌దైనా పర్లేదు, కింద ల్యాప్‌టాప్ లేకుండా చూసుకో.

ఎన్ని చెయ్యాలంటే, ఒక్కోటి 10 సెకన్ల లెక్కన ముందు 6 సార్లు, ఓ అర నిమిషం ఆగి 4, మళ్ళీ ఆగి 2. కర్లప్‌లో సగంలో కాళ్ళు మార్చుకో, మిగతా రెండూ రెండు పక్కలా. పైకి పెంచుకుంటూ పోకుండా తగ్గించుకుంటూ ఎందుకంటే అలిసేకొద్దీ ఫామ్, అంటే చేసే తీరు చెడుతుంది, చెడిన ఫామ్‌తో చేసిన ప్రతిసారీ ఒంటికి తప్పు పాఠం. మొత్తం పావుగంట. ఓపిక పెరిగితే సార్లు పెంచు, సెకన్లు పెంచకు.

అదే నీ 3 నిమిషాల ప్లాంక్‌కీ వర్తిస్తుంది. 2023లో చెక్ దేశస్థుడు ఒకాయన 9 గంటల 38 నిమిషాలు ప్లాంక్ పట్టి రికార్డు కొట్టాడు, ఆయనకి దండం, మనకెందుకు అది? నిమిషం దాటాక నువ్వు కండరాలతో ఉండవు, నడుం కీళ్ళ మీద వేలాడుతుంటావు, ఫోన్లో టైమర్ చూసుకుంటూ తల కూడా వాల్చేస్తావు. బదులుగా 10 సెకన్ల ప్లాంక్ కొట్టు, పిడికిళ్ళు బిగించి, పిరుదులు గట్టిగా నొక్కిపట్టి, మోచేతుల్ని కాలివేళ్ళ వైపు గుంజుతున్నట్టు, నేల చాపని ముడతలు పెట్టాలన్నంతగా. మోచేతులు కదలవు, కానీ పొట్ట రాయవుతుంది. ఇలా ఆరుసార్లు చేశాక 3 నిమిషాల సంగతి మాట్లాడదాం.

మూడు వారాలు ఇవి కుదిరాక బకెట్ తీసుకో. నన్ను పడగొట్టింది కూడా అదే కదా, పగ తీర్చుకుందాం. సగం బకెట్ నీళ్ళు ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి ఖాళీగా, హాల్లోనో డాబా మీదో 20 అడుగులు నడువు, చెయ్యి మార్చి వెనక్కి రా. ఎత్తేటప్పుడు తుంటి దగ్గర వంగి మోకాళ్ళు మడువు, వీపు గుండ్రంగా చెయ్యకు. బరువు ఒక పక్కే ఉంది కాబట్టి అవతలి పక్క ఆబ్లిక్స్, నడుం పక్క కండరాలు నిన్ను నిలువుగా ఉంచడానికి నరకం చూస్తాయి. ఒరిగితే, నడక ఊగితే నీళ్ళు తొణికి నీ కాళ్ళ మీదే పడతాయి, ఇంతకన్నా మంచి కోచ్ దొరకడు, ఫీజు కూడా లేదు. జిమ్ముల్లో దీన్ని సూట్‌కేస్ క్యారీ అని డంబెల్‌తో చేయిస్తారు, మా నాయనమ్మ వీధి కుళాయి నుంచి చంకన బిందెతో రోజుకి పది ట్రిప్పులు చేసేది, 70 ఏళ్ళ వయసులో కూడా నడుము నిటారుగా ఉండేది. ఆవిడ ఎప్పుడూ ఎడమ చంకనే పెట్టుకునేది అది వేరే సంగతి, నువ్వు రెండు వైపులా చెయ్యి.

పొట్ట తగ్గడం సంగతి రెండు ముక్కల్లో చెప్తా, నీకు నచ్చదు. పొట్ట మీద ఎక్సర్‌సైజు చేస్తే పొట్ట కొవ్వు కరగదు. 2011లో 24 మంది మీద ఒక స్టడీ చేశారు, 6 వారాలు, వారానికి 5 రోజులు, ఏడు రకాల పొట్ట వ్యాయామాలు, క్రంచెస్ కొట్టే ఓపిక పెరిగింది కానీ పొట్ట కొవ్వులో తేడా రాలేదు. అది తిండి, నడక, నిద్ర లెక్క. మన భారతీయులకి నడుం చుట్టుకొలత మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటితే షుగరు, గుండె రిస్కు పెరుగుతున్నట్టే చూస్తారు, టేపు పెట్టి కొలుచుకో, ప్యాంటు సైజు నమ్మకు, మనం ప్యాంటు పొట్ట కింద కట్టుకుంటాం. రాత్రి అన్నం రెండోసారి వడ్డించుకోవడం మానేసి, రోజూ 40 నిమిషాలు చేతులు ఊపుతూ చురుగ్గా నడువు, ఆ నడక నడుం నొప్పికి కూడా మందే. టీవీలో చూపించే చెమట బెల్టులు కొనకు, చెమట పోతుంది, నీళ్ళు తాగితే తిరిగొస్తుంది, డబ్బులే తిరిగిరావు.

మీ ఆవిడ విషయం. ముందు డెలివరీ చేసిన డాక్టరమ్మని అడగకుండా ఏదీ మొదలుపెట్టొద్దని చెప్పు, సిజేరియన్ అయితే మరీ. గర్భంతో పొట్ట ముందు కండరం రెండు పలకలూ మధ్య గీత దగ్గర దూరం జరుగుతాయి, చాలామందికి కొన్ని నెలల్లో దగ్గరకొచ్చేస్తాయి, కొందరికి రావు. వెల్లకిలా మోకాళ్ళు మడిచి పడుకుని తల కొంచెం లేపి, బొడ్డు పైనా కిందా వేళ్ళు అడ్డంగా పెట్టి చూసుకోమను. రెండు వేళ్ళకి మించి సందు ఉన్నా, తల లేపినప్పుడు మధ్యలో గోపురంలాగా ఉబ్బినా క్రంచెస్, ప్లాంక్, నౌకాసనం ఏవీ వద్దు, ఫిజియోథెరపిస్ట్‌ని కలవాలి. ఇంట్లో పెద్దవాళ్ళు నడికట్టు గట్టిగా కట్టేసి ఇక పొట్ట లోపలికి పోతుందంటారు, ఆసరాగా హాయిగా ఉంటే కట్టుకోవచ్చు కానీ కండరం పని అది చెయ్యదు. డాక్టరు సరే అన్నాక ఊపిరితో పెల్విక్ ఫ్లోర్ బిగించడం, నిదానంగా నడక, తర్వాత గోడకి చేతులు ఆనించి ప్లాంక్, ఆ వరసలో. దగ్గినా తుమ్మినా యూరిన్ లీకవుతుంటే సిగ్గుపడి దాచుకోవద్దను, దానికి మంచి ట్రీట్‌మెంట్ ఉంది.

నీకు కూడా ఒక హెచ్చరిక. నొప్పి నడుం నుంచి పిరుదు మీదగా మోకాలు దాటి పాదం దాకా జారుతున్నా, కాల్లో తిమ్మిరి, బలం తగ్గినట్టున్నా, రాత్రి నొప్పికి మెలకువ వస్తున్నా ఇవేవీ చెయ్యకుండా డాక్టర్ దగ్గరికెళ్ళు. మూత్రం, మోషన్ కంట్రోల్ తప్పినా, తొడల మధ్య స్పర్శ మొద్దుబారినా అది ఎమర్జెన్సీ, అదే రోజు హాస్పిటల్. హెర్నియా ఉంటే కూడా ముందు సర్జన్ మాటే.

ఇవన్నీ లేకపోతే రేపటి నుంచి క్రంచెస్ బంద్, ఆఫీసులో అరగంటకోసారి లేచి నిలబడి చేతులు పైకి చాపి రెండు ఊపిరులు తీసుకో, సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి స్నానానికి ముందు ఆ మూడూ చెయ్యి. మూడు వారాల తర్వాత ఫోన్ గోడకి ఆనించి పక్క నుంచి బర్డ్ డాగ్ వీడియో తీసి పెట్టు, ముఖం కనపడక్కర్లేదు, నడుమూ, గ్లాసూ కనపడితే చాలు.